వేలు చూపిన పిందె

ఊళ్లో వెంకటనర్సు ఇల్లెక్కడని అడిగితే కొంచెం ఆలోచించి చెబుతారు. ‘ఎందుకు నర్సు’ ఇల్లెక్కడంటే మాత్రం గోలీలాడే పిల్లలు కూడా ఆట ఆపి వెంటబెట్టుకుని తీసుకుపోతారు. ఆ పేరు ఆయనకు బడిలో పడింది. వానకు ముందు చీమలు గుడ్లు మోసుకుని ఎందుకు బయల్దేరతాయని అడిగాడు. నల్లబల్ల మీద రాసే సుద్ద అరచేతి మీద ఎందుకు సరిగా రాయదని అడిగాడు. జవాబులు రాలేదు, బెత్తం దెబ్బలు వచ్చాయి. ఐదో తరగతి కాగానే తండ్రి బడి మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. అక్కడా నోరు ఊరుకోలేదు. ఒకే రంగులో ముంచిన రెండు నూలు చిలపలు రెండు తీర్లుగా ఎందుకు తేలుతాయి, గంజి పెట్టిన పడుగు పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా ఎందుకుంటుంది అని తండ్రి ప్రాణం తీసేవాడు.

"నువ్వు బట్ట నేస్తున్నవా, ప్రశ్నలు నేస్తున్నవారా?" అని తండ్రి విసుక్కునేవాడు.

నోరు ఎంత తిరిగినా చేతులు మాత్రం పనిలోనే ఉండేవి. రామన్నపేటకు ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఇంటింటా మగ్గమున్న రోజుల్లో కూడా వెంకటనర్సు బట్టంటే వేరుగా చెప్పుకునేవారు. కారణం ఆయన గోరు. నేత మీద ఎక్కడ చిన్న ముడి కనిపించినా, నూగు లేచినా, తెగిన దారం కొస తేలినా ఆ గోరు దాన్ని గిల్లి పారేసేదాకా నిద్రపోదు. చేనేత సొసైటీలో ఆయన బట్టను మడత విప్పకుండా తీసుకునేవారు. ఆ సంగతి ఆయన తనంతట తానే అందరికీ చెప్పుకునేవాడు కాబట్టి మనకూ తెలిసింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు మోకాళ్లు మొరాయించాయి. మగ్గం గుంటలోంచి లేవడానికి భార్య లక్ష్మీనర్సమ్మ చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చేది. కొడుకు శ్రవణ్‌కుమార్ చౌటుప్పల్‌లో కరెంటు పనిలో చేరాడు. కోడలు హరిత అదే దారిలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఇక మగ్గమెందుకని విప్పి, కట్టెలన్నీ గోడకు చేరేశారు. ఒక ఎండాకాలం గాలిదుమారానికి ఇంటెనక మగ్గం కొట్టం రేకులు కూడా లేచిపోయాయి. ఆకాశం కింద గుంట ఒక్కటి మిగిలింది.

"రాళ్లు పోసి పూడ్సుండ్రి, బాత్రూం కట్టుకుందాం," అంది లక్ష్మీనర్సమ్మ.

వెంకటనర్సు గుంటలోకి దిగి నిలబడ్డాడు. కాళ్లు ఆడీ ఆడీ నున్నబడిన మట్టి గోడను చేత్తో తడిమాడు. ఇంతకాలం తన కాళ్లను మోసిన జాగాలో రాళ్లు పొయ్యడానికి మనసు రాలేదు. చెరువు పూడిక తీసిన నల్లమట్టి ట్రాక్టర్ మీద తెప్పించాడు. వెనక గోడ అవతలుండే జానమ్మ ఇంటి నుంచి మేకల పెంట అడిగి తెచ్చి కలిపాడు. గుంటను, చుట్టూ ఉన్న కొట్టం జాగాను మళ్లు చేశాడు. అలా అరవై దాటిన వయసులో ఆయన కొత్తగా కూరగాయల పెంపకంలోకి దిగాడు.

తోటపని ఆయనకు ఓనమాలు కూడా రాదు. చిన్నప్పుడు పెరడంటే అమ్మది, అక్కది. ఆయనది మగ్గం. లక్ష్మీనర్సమ్మ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల పట్నం నుంచి వచ్చింది, ఆమెకు కూరగాయంటే అంగడి గంపలో ఉండేదే. రాని పనిలో ప్రశ్నలెక్కువ పుడతాయి కాబట్టి వెంకటనర్సుకు అది పండుగైంది. ధనియాలు అలాగే చల్లితే ఎందుకు మొలవవు, అరచేతిలో నలిపి రెండు బద్దలు చేస్తేనే కొత్తిమీర ఎందుకు లేస్తుంది? పుదీనకు విత్తనమే లేకుండా, విరిచి గుచ్చిన కాడకు వేరెలా వస్తుంది? వాము ఆకు ఎంత నీళ్లు తక్కువైనా దళసరిగా ఎందుకుంటుంది? అడగడానికి మనిషి దొరక్కపోతే మొక్కల్నే అడిగేవాడు. పుంటికూర, మెంతికూర, మిరప, వంగ అన్నీ దారం కట్టి గీసినట్టు వరసలో నాటాడు. వరసలో లేని మొలక ఎంత బలంగా ఉన్నా ఆ గోటికి బలైపోయేది.

హరితకు ఆ తోట ముందు నుంచీ ఇష్టం. పొద్దున కంపెనీ బస్సుకు పోయేముందు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మళ్ల మధ్య తిరిగి, రెండు పుదీన రెమ్మలు, నాలుగు మిరపకాయలు తెంపుకుని డబ్బాలోకి పచ్చడి నూరుకునేది. సాయంత్రం వచ్చాక మామ చెప్పే రోజువారీ వింతలు వినేది. ఇంట్లో ఆయన ప్రశ్నలకు విసుక్కోని మనిషి ఆమె ఒక్కతే.

ఇంతలో చౌటుప్పల్ నుంచి అక్క అండాలు వచ్చింది. ఆమె ఇల్లు హైవే పక్కన ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వెనక పెరడుతో సహా పోయింది. ఇప్పుడు కొడుకుతో పాటు మూడో అంతస్తులో ఉంటోంది. కొంగు ముడిలోంచి ఆమె ఒక చిన్న గుడ్డ మూట తీసింది. అందులో ఐదు గింజలున్నాయి.

"అమ్మ ఆనిగెపుకాయ గింజలురా. నా పెరట్ల ఏండ్లసంది కాపాడుకుంట వచ్చిన. పోయినేడు జాగా పోంగ ఇవ్వే మిగిలినయి. ఇంక నా దగ్గర లేవు, యాడా లేవు."

పుస్తకాల్లో సొరకాయ అంటారు గానీ ఈ పక్క అది ఆనిగెపుకాయే. వాళ్ల అమ్మ పండించిన రకం అంగట్లో దొరికేది కాదు. కింద కుండలా బొద్దుగా, పైన సన్నటి మెడతో ఉంటుంది. లేతప్పుడు వండితే కొంచెం తియ్యగా ఉంటుంది. తీగె మీదే ఎండనిస్తే చెక్కలా గట్టిపడుతుంది. ఆ బుర్రను సగానికి కోసి అమ్మ మగ్గం పక్కన పెట్టేది. తడిపిన నూలు కండెలు అందులోనే ఉండేవి. వెంకటనర్సు చేత్తో తీసిన మొదటి కండె ఆ బుర్రలోంచి తీసిందే.

"ఒక్క కాయ నిలబెట్టు. ముదరనియ్యి, ఎండనియ్యి. గింజలు నాకు సగం ఇయ్యి, మా బంగ్ల మీద డబ్బల పెట్టుకుంట. నేను పోయినంక గూడ అమ్మ కాయ ఉండాలె," అంది అండాలు.

మృగశిర కార్తెలో వాన పడగానే గింజలు గుంటలో పెట్టాడు. ఐదింట్లో రెండు మొలిచాయి. ఒకదాన్ని ఎలుక కొరికింది. మిగిలిన ఒక్క తీగె మాత్రం నల్లమట్టి, మేకల పెంట తిని దుమ్ము లేపింది. మగ్గం కట్టెలు నిలబెట్టి, పాత నూలుతో చేనేత ముడులు వేసి పందిరి కట్టాడు. శ్రావణం వచ్చేసరికి పందిరి నిండా ఆకులు, ఆకుల మీద తెల్లటి పూలు. ఆయన ఆనందం అంతా ఇంతా కాదు.

ఒక పొద్దున హరిత పందిరి కింద నిలబడి నవ్వుతూ వేలు చాపింది. "మామా, గదో, ఆ ఆకు సాటుకు. పిందె పడ్డది!"

వెంకటనర్సు గబుక్కున దగ్గరికి వచ్చాడు. లేత పిందెకు వేలు చూపిస్తే అది కుళ్లి రాలిపోతుందని ఈ పక్క ఊళ్లలో తెలియని వాళ్లుండరు. చూపించక తప్పకపోతే వేలు మడిచి కణుపుతో చూపిస్తారు. కొందరు గడ్డంతోనే చూపిస్తారు. హరితకూ తెలుసు, సంతోషంలో మర్చిపోయింది.

"వేలు మడువు బిడ్డా," అన్నాడు. ఆమె నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాలుగు రోజులకు ఆ పిందె పసుపు తిరిగింది. తొడిమ దగ్గర మెత్తబడి రాలిపోయింది. తర్వాత పడ్డ రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఆ రాత్రి అన్నాల దగ్గర అండాలు ఫోను చేసింది. ఆమెకు చెవి సరిగా వినిపించదు కాబట్టి ఈ పక్క గట్టిగా అరిచి మాట్లాడతారు.

"పిందె నిలిచిందారా?"

"లేదక్కా. పడుతున్నయి, పసుపచ్చగై రాలుతున్నయి."

"ఎవలన్న వేలు చూపిన్రా?"

వెంకటనర్సు అనకూడని మాట అనేశాడు. "మా కోడలు చూపింది. ఆమె చెయ్యి మంచిది గాదేమో అక్కా."

హరిత పీట మీద కూర్చుని ముద్ద కలుపుతోంది. కలిపిన ముద్ద అలాగే కంచంలో వదిలి లేచి వెళ్లి చెయ్యి కడుక్కుంది. లక్ష్మీనర్సమ్మ భర్త వైపు చూసిన చూపుకు గోడ మీద బల్లి కూడా కదలకుండా ఉండిపోయింది.

మర్నాటి నుంచి హరిత తోటలోకి రావడం మానేసింది. పుదీన అంగట్లో కొనుక్కుంటోంది. ఇంట్లో ఏదైనా చూపించాల్సి వస్తే గడ్డంతో చూపిస్తోంది. అగ్గిపెట్టె ఎక్కడుందని అత్త అడిగినా గడ్డమే. ఒకరోజు పాల ప్యాకెట్ కోసం పోయిన వెంకటనర్సు రోడ్డు మీద ఆమెను చూశాడు. వచ్చే కంపెనీ బస్సును పిడికిలి ఊపి ఆపుతోంది. ఆ పిడికిలి ఎందుకో ఆయనకు తెలుసు గానీ, ఆ వేళకు మెదడు నిండా పిందెలే ఉన్నాయి.

ఎందుకు రాలుతున్నాయి? గంజి కలిపిన నీళ్లు పోస్తున్నందుకేమోనని గంజి మానేశాడు. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాడు, తక్కువయ్యాయేమోనని మళ్లీ పోశాడు. బోరు నీళ్లలో ఉప్పు ఉందని మిషన్ భగీరథ నల్లా నీళ్లు బిందెలతో మోశాడు. చీమలేమోనని తొడిమల చుట్టూ బూడిద చల్లాడు. తీగె బలం వృథా కావొద్దని మరొక జాగ్రత్త కూడా మొదటి నుంచీ తీసుకుంటూనే ఉన్నాడు. రోజూ అందరికంటే ముందు లేచి, పిందె లేని ఉత్త పూలన్నింటినీ, మొగ్గలుండగానే, తెంపేసేవాడు. పొడుగు కాడ మీద నిక్కి నిలబడి, కిందేమీ లేకుండా ఊరికే పూసే ఆ పూలంటే ఆయనకు బట్ట మీద నూగు ఎంతో అంత. దోసిలి నిండా తెంపి గోడ మీంచి జానమ్మ మేకలకు విసిరేసి, చిదిమిన మొగ్గల నుంచి వేళ్లకు అంటిన పసుపు కడుక్కుని చాయ తాగేవాడు. పిందెతో పుట్టిన పూల జోలికి మాత్రం పోయేవాడు కాదు. ఇంత జాగ్రత్త చేసినా పిందెలు రాలాయి.

కొత్త రంగు వస్తే నేతగాడు చిలప మొత్తం ముంచడు, ఒక పోగు ముంచి చూస్తాడు. ఆ లెక్కనే వినాయకచవితికి ముందు ఒక పరీక్ష పెట్టాడు. కొత్తగా పడ్డ రెండు పిందెల్లో ఒకదాన్ని ఎవరి కంటా పడకుండా పాత గుడ్డతో కప్పి కట్టాడు. రెండోదాని ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, తన చూపుడు వేలు నిటారుగా చాపాడు. అది చాలదని రెండో చేతి వేలు కూడా చాపాడు. అంగవస్త్రం భుజాన వేసుకున్న ముసలాయన పిందెను రెండు వేళ్లతో బెదిరిస్తున్న ఆ దృశ్యం ఎవరూ చూడకపోవడం ఆయన అదృష్టం.

రెండూ పసుపు తిరిగాయి. గుడ్డ కప్పినదే ముందు రాలింది.

అంటే వేలు కాదు. ఆ పొద్దునే ఆయనకు తేలిపోయింది. అప్పుడే వెళ్లి హరితకు ఆ ముక్క చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బస్సుకు ఆలస్యమవుతుందిలే అనుకున్నాడు, సాయంత్రం అలసిపోయి వచ్చిందిలే అనుకున్నాడు, పండుగ పోనీ అనుకున్నాడు. ఈ విషయంలో ఆయన్ను వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. ఎందుకని ఊరందరినీ అడిగే మనిషి, తప్పు నాదే అనే ఒక్క మాట దగ్గర మూగవాడయ్యాడు.

తీగె మాత్రం పందిరి చాలక గోడెక్కి, జానమ్మ మేకల కొట్టం రేకుల మీదికి పాకింది. మోకాళ్ల మనిషి కాబట్టి అక్కడికి ఆయన చెయ్యి అందలేదు, చూపూ అందలేదు. అది పాకిన సంగతే మర్చిపోయాడు. బతుకమ్మ పండుగ ఇంకో వారం ఉందనగా ఒక మధ్యాహ్నం జానమ్మ గోడ మీంచి ఒక గిన్నె అందించింది. గిన్నె మీద విస్తరాకు మూత ఉంది. వెనకటి రోజుల్లో ఆ గిన్నె ఆ గోడ దాటి ఇటు వచ్చేది కాదు. ఇప్పుడు లక్ష్మీనర్సమ్మే చెయ్యి చాచి అందుకుంది.

"నీ తీగె కాయలే నర్సన్నా. మా కొట్టం మీద కాసినయి. శెనగపప్పు ఏసి వండిన, తిని చూడు."

వెంకటనర్సు ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చివర్లో ఆ చిన్న తీపి తగిలింది. ఎన్నేళ్ల కిందటిదో, అమ్మ కలిపి పెట్టిన ముద్ద. కళ్లు తడయ్యాయి. ఆ వెంటనే విత్తనానికి ఉంచాల్సిన అమ్మ కాయే కూరైందని తట్టి గిన్నె కింద పెట్టాడు.

"ఇంకేమన్న ఉన్నయా జానమ్మా?"

"రెండు లేతయి నేనే కోసిన. ఇంకొకటి పెద్దగైతుండె. నిన్న కోతులు తెంపుకపోయినయి. ఏం, విత్తనానికి కావాల్నా? జర ముందుగాల చెప్తె అయిపోవు గదా."

"మీ దిక్కు ఎవలన్న వేలు చూపిన్రా వాటికి?"

జానమ్మ నవ్వింది. "మా మనుమలు రోజు పొద్దున లేసి వేలు చూపుకుంట ఎంత పెరిగినయని పందెం కాసుకున్నరు. మా ఇండ్లల్ల గా పట్టింపు లేదన్నా." పోతూ పోతూ ఇంకో మాట అంది. "నువ్వు పొద్దున ఏసే పూలంటె మా మేకలకు పానం. గోడ కాడ నిలబడి నీకోసం సూస్తయి. కొట్టం మీద పూసినయి అందక మొత్తుకుంటయి."

వెంకటనర్సు ఆ రోజు మోకాళ్ల మాట వినలేదు. స్టూలు వేసుకుని గోడ పట్టుకుని పైకి లేచి చూశాడు. రేకుల మీద కాయ లేదు, పిందె లేదు. కోతులు తీగెను కూడా పీకి పోయాయి. ఎండి రాలిన పూలు మాత్రం గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. అన్నీ పొడుగు కాడ ఉత్త పూలే. ఇక్కడ ఉత్త పూలు ఉన్నాయి, కాయలూ కాశాయి. తన పందిరి మీద ఉత్త పూలు లేవు, కాయలూ లేవు. స్టూలు మీద నిలబడే ఆయన చాలాసేపు ఆలోచించాడు. లక్ష్మీనర్సమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంటే గానీ దిగలేదు.

పొద్దు వాలాక గుంట గట్టు మీద కూర్చున్నాడు. ఆనిగెపు పూలు పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. ఆ వేళకు ఆయన ఎప్పుడూ టీవీ ముందు ఉంటాడు కాబట్టి, ఇన్నాళ్లూ వాటిని విచ్చుకోగా చూడనేలేదు. పొద్దున తెంపుతున్నప్పుడు ఆకు చాటున కంటబడకుండా తప్పించుకున్న ఉత్త పువ్వొకటి తెల్లగా తెరుచుకుంది. ఎక్కడి నుంచో ఒక బూడిదరంగు రెక్కల పురుగు వచ్చి దాని మీద వాలి, లోపలికి మూతి పెట్టి, లేచి, పందిరంతా తిరిగి, అప్పటికి ఇంకో పువ్వేదీ విచ్చుకోకపోవడంతో వెళ్లిపోయింది. వెంకటనర్సు వెళ్లి ఆ పువ్వు మధ్యన వేలు పెట్టి చూశాడు. పసుపచ్చటి పొడి వేలి కొసకు అంటింది.

ఆ పొడి ఆయనకు తెలుసు. రోజూ పొద్దున చాయకు ముందు కడుక్కునేది అదే. కాసేపటికి విచ్చుకున్న పిందె పువ్వులో చూస్తే పొడి లేదు, జిగట ఉంది. ఎదురుచూస్తున్నట్టు ఖాళీగా ఉంది. ఇక్కడి పొడి అక్కడికి చేరాలి. చేరిస్తేనే పిందె నిలబడుతుంది. మోసుకుపోయే పురుగు వస్తూనే ఉంది, మోయడానికి దానికి ఏమీ మిగల్చకుండా ఆయనే నూగు ఏరినట్టు ఏరి మేకలకు వేశాడు. జీవితమంతా ఏ గోటిని చూసి గర్వపడ్డాడో, ఆ గోరే అమ్మ కాయలన్నింటినీ తీసింది.

ఏడవాలనిపించింది. విచిత్రమేమిటంటే, ఆ ఏడుపు కింద ఎక్కడో సంతోషం కూడా ఉంది. ఇన్నేళ్లలో ఒక ‘ఎందుకు’కి జవాబు తనంతట తాను దొరకడం అదే మొదటిసారి.

కానీ కాలం మించిపోతోంది. దసరాలోపు పిందె నిలిస్తేనే చలికి తీగె ఎండిపోయే లోపల కాయ ముదురుతుంది. పందిరి మీద పిందె పూలు ఇక రెండే మిగిలాయి. పురుగును నమ్ముకుని కూర్చునే ధైర్యం లేకపోయింది. ఆ రాత్రే విచ్చుకున్న ఒకదానికి తన వేలి మీది పొడిని తనే అద్దబోయాడు. మగ్గం మీద కాయలు కాచి మొద్దుబారిన వేలు. పువ్వు మధ్యనున్నది విరిగి చేతిలోకి వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. అది మర్నాడు సాయంత్రం విచ్చుకుంటుంది.

మర్నాడు పొద్దున ఆయన పూలు తెంపలేదు. గోడ అవతల మేకలు చాలాసేపు అరిచాయి. సాయంత్రం కంపెనీ బస్సు వేళకు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. హరిత బస్సు దిగి, మామను చూసి గాబరా పడింది.

"ఏమైంది మామా? అత్తమ్మకు బాగనే ఉందా?"

"అందరు బాగనే ఉన్నరు. నీతోని ఒక మాట చెప్పాల్నని వచ్చిన బిడ్డా." నడుస్తూ చెప్పాడు. పూల సంగతి, పొడి సంగతి, మేకల సంగతి చెప్పాడు. చివరికి గుడ్డ కప్పిన పిందె, రెండు వేళ్లు చాపిన పిందె సంగతి కూడా దాచలేదు. "నీ వేలు కాదు. నీ చెయ్యి మంచిది కాదన్న. నా చెయ్యే మంచిగ లేకుండె."

హరిత నడక ఆపింది. "నా వేలు కాదని నీకెప్పుడు తెలిసింది మామా?"

"వినాయకచవితికి ముందుగాలనే."

"మరి బతుకమ్మ వచ్చె గదా."

వెంకటనర్సు తల దించుకున్నాడు. "అడుగుడే నేర్చుకున్న బిడ్డా ఇన్నేండ్లు. ఒప్పుకునుడు నేర్చుకోలే."

ఆమె ముందుకు నడిచింది. ఇల్లు చేరేదాకా ఆయన రెండడుగులు వెనకే నడిచాడు. గడపలో చెప్పులు విప్పుతూ హరిత అంది, "నా వేలుకు గంత బలముంటె మా సూపర్‌వైజర్‌కు చూపిద్దును మామా, పిందెనెందుకు." నవ్వుతూ అనలేదు. అయినా ఆయనకు ఊపిరి తిరిగింది.

"ఒక్క పువ్వుంది. నా వేళ్లు పనికిరావు. నువ్వు అద్దుతవా?"

హరిత తొట్టి దగ్గరికి పోయి, కంపెనీలో మాత్రలు ముట్టేముందు కడిగినట్టే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. చీర చెంగు బొడ్లో దోపుకుని, ఇన్నాళ్లకు పందిరి కిందికి వచ్చింది. వెంకటనర్సు సెల్లు లైటు పట్టుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ వచ్చి వెనక నిలబడింది. విచ్చుకున్న ఉత్త పువ్వు మధ్య హరిత చూపుడు వేలు కొసను మెల్లగా తిప్పింది. పసుపు అంటింది. ఆ వేలిని పిందె పువ్వు దాకా తెచ్చి, అందుకు అంగుళం దూరంలో ఆగింది.

"రాలితె మల్ల నా మీదికే వస్తది మామా."

"రాలితె నా మీదికి. అక్కకు నేనే చెప్త."

అద్దింది. ఎక్కువసేపు పట్టలేదు.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో నలుగురూ పందిరి కింద తల ఎత్తి చూడకుండా ఎటూ కదల్లేదు. నాలుగో రోజు పిందె పచ్చగానే ఉంది. వారానికి తొడిమ లావెక్కింది, మెడ సాగింది. దసరా నాటికి బొద్దుగా కుండలా వేలాడుతోంది. కోతులకు కనబడకుండా లక్ష్మీనర్సమ్మ తన పాత చీరను దానికి చుట్టింది. శ్రవణ్‌కుమార్ గోడ పొడుగునా ముళ్లతీగ కట్టాడు. కాయ ముదిరింది, తీగె ఎండింది, కాయ కూడా తీగె మీదే చెక్కలా ఎండింది. ఉత్త పూల కోసం ఎదురుచూసీ చూసీ మేకలు గోడ దగ్గరికి రావడం మానుకున్నాయి.

మాఘంలో రామన్నపేటలో ఏదో పెళ్లికి వచ్చిన అండాలు, అక్షింతలు వేసి నేరుగా ఇక్కడికి ఆటో ఎక్కింది. గుమ్మంలో కాళ్లయినా కడుక్కోకుండా ఇంటెనక్కి నడిచింది. ఎండిన ఆకుల మధ్య, చీర చుట్టి ఉన్న కాయ ఆమె ముసలి కళ్లకు ఆనలేదు.

"ఏదిరా? యాడుంది?"

వెంకటనర్సు పక్కనున్న హరిత వైపు చూశాడు. "చూపియ్యి బిడ్డా."

హరిత అలవాటు కొద్దీ గడ్డం ఎత్తింది.

"గడ్డంతోని కాదు. వేలుతోని చూపియ్యి."

"వేలు చూపొద్దురా, ఎండిందైనా మంచిదిగాదు," అంది అండాలు గాబరాగా, హరిత చెయ్యి పట్టుకోబోతూ.

"చూపనియ్యి అక్కా," అన్నాడు వెంకటనర్సు.

హరిత ఒక్క క్షణం మామ ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి ఎత్తి, చూపుడు వేలు నిటారుగా చాపి చూపించింది. వెంకటనర్సు చీర విప్పి, కాయను తెంపి, అక్క చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గింజలు గలగలమన్నాయి. సరిగా వినిపించని ఆ చెవిని కాయకు ఆనించి, అండాలు ఇంకొకసారి ఊపమంది.